పీజేఆర్ ఐదుసార్లు గెలిచారు సరే, 1999 సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

గచ్చిబౌలి ఔటర్ దగ్గర నుంచి కొండాపూర్ వైపు వేసిన కొత్త ఫ్లైఓవర్‌ను 2025 జూన్ 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ప్రారంభించి దానికి పి. జనార్దన్ రెడ్డి (పీజేఆర్) పేరు పెట్టారు కదా, అప్పటి నుంచి పేపర్లలో ఆయన మీద ఒక చిన్న బాక్సు ఐటెం తిరుగుతూనే ఉంది. జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు, రోజు మార్చి రోజు వచ్చింది. మీ పేపర్ ఒక్కటే అనడం లేదు, అందరిదీ అదే బాక్సు, అవే నాలుగు ముక్కలు: ఖైరతాబాద్ నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే, మాజీ మంత్రి, సీఎల్పీ (కాంగ్రెస్ శాసనసభా పక్షం) మాజీ నేత, పేదల పెన్నిధి. మా ఇంట్లో డిగ్రీ చదివే మనవడు అది చూసి "ఐదుసార్లంటే వరసగానా తాతా?" అని అడిగాడు. వరసగా కాదురా అని మొదలుపెడితే మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది, చెప్తూ చెప్తూ ఉంటే ఆ కథలో సగం మీ బాక్సులో లేనే లేదని తేలింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి. మీ జాగా కోసం ఎక్కడ కత్తిరించినా 1999 దగ్గర మాత్రం కత్తెర పెట్టకండి.

నేను రహమత్‌నగర్ వాణ్ణి. కాంగ్రెస్ కార్యకర్తను కాను, ఏ పార్టీ కండువా కప్పుకున్నవాణ్ణీ కాను. జనార్దన్ రెడ్డి గారికి ఓటేసిన ఎన్నికలున్నాయి, వెయ్యని ఎన్నికలూ ఉన్నాయి.

ముందు లెక్క సరిగ్గా రాసుకుందాం. ఆయన 1948 జనవరిలో పుట్టారు, 1978లో మొదటిసారి అసెంబ్లీకి గెలిచేసరికి ముప్పై ఏళ్ళు. 1983లో ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ఎన్నికలొచ్చి రాష్ట్రమంతా ఊడ్చేసినప్పుడు ఖైరతాబాద్ కూడా తెలుగుదేశానికే పోయింది. 1985, 1989, 1994లో వరసగా మూడుసార్లు గెలిచారు, 1999లో ఓడిపోయారు, 2004లో మళ్ళీ గెలిచారు. 2007 డిసెంబర్ 28న గుండెపోటుతో పోయారు. ఐదు అనే అంకె ఇలా వచ్చింది.

ఇందులో అన్ని గెలుపులూ ఒకటే బరువున్నవి కావు. 1989 గెలుపు తీసుకోండి, అది కాంగ్రెస్ గాలి, 294 సీట్లలో 181 వాళ్ళవే, ఆ ఏడాది గెలవడంలో పెద్ద గొప్పేం లేదు. 1985 అలాంటిది కాదు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో రామారావు గారిని దించేసి మళ్ళీ కూర్చోబెట్టాల్సి వచ్చిన గొడవంతా జరిగి, జనం సానుభూతి మొత్తం ఆయనవైపే ఉన్న రోజులవి. తెలుగుదేశానికి 202 సీట్లొచ్చాయి. అలాంటి ఏడాదిలో, రెండేళ్ళ కిందట చేజారిన సీటును అదే తెలుగుదేశం చేతిలోంచి లాక్కోవడమంటే పార్టీ గుర్తు ఒక్కటే చూసి పడిన ఓట్లు కావవి.

1994 ఇంకా గట్టిది. తెలుగుదేశానికి 216, కాంగ్రెస్‌కు రాష్ట్రం మొత్తం మీద 26. పెద్ద పెద్ద పేర్లున్నవాళ్ళు ఇళ్ళకు పోయారు, ఈయన మాత్రం గెలిచి వచ్చారు. పార్టీలో మిగిలినవాళ్ళే తక్కువ కాబట్టి శాసనసభా పక్ష నేత అయ్యారని కొందరు తేలిగ్గా అంటుంటారు. అనుకోనివ్వండి. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాడి పరిస్థితి చూడండి, సభలో పదో వంతు బలం ఉంటేనే ప్రధాన ప్రతిపక్ష హోదా, అంటే 30 మంది కావాలి, ఈయన వెనక ఉన్నది 26. ఆ బలం లేదు. ఎదురుగా ముందు రామారావు గారు, 1995 సెప్టెంబర్ నుంచి చంద్రబాబు నాయుడు గారు. అంత బలం లేని ప్రతిపక్షానికి ఐదేళ్ళు ముందుండి అరవడం ఎంత కష్టమో, ఈమధ్య మన రెండు రాష్ట్రాల అసెంబ్లీలు చూస్తున్నవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ఆ ఖైరతాబాద్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఇప్పటి పిల్లలకు ఖైరతాబాద్ అంటే పెద్ద వినాయకుడు, ఒక మెట్రో స్టేషన్. అప్పట్లో చింతల్‌బస్తీ, ఎం.ఎస్. మక్తా దగ్గర మొదలై సోమాజిగూడ, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, మా యూసుఫ్‌గూడ వైపు బస్తీలు దాటుకుని మాదాపూర్, గచ్చిబౌలి, శేరిలింగంపల్లి దాకా ఒకటే నియోజకవర్గం. దేశంలోనే పెద్ద అసెంబ్లీ నియోజకవర్గాల్లో ఒకటిగా చెప్పుకునేవారు. రాజ్‌భవన్ అందులోనే, రాజ్‌భవన్ గోడకు ఆనుకున్నట్టుండే మక్తా ఇళ్ళూ అందులోనే. సినిమావాళ్ళ బంగళాలు, ఆ బంగళాల్లో పనిచేసేవాళ్ళు రాత్రికి పోయి పడుకునే గుట్ట మీది గుడిసెలు, రెండూ ఒకే ఓటర్ల జాబితాలో ఉండేవి.

మా గల్లీ సంగతి చెప్తాను. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ ఏ అర్ధరాత్రికో. సాయంత్రం నుంచే ప్లాస్టిక్ బిందెలు వరసలో పెట్టేవాళ్ళు, నీలంవి, నారింజ రంగువి, మూతి దగ్గర మేకు కాల్చి పేరు గీకినవి. బిందె తీసుకుపోతే జాగా పోతుందని దాని బదులు ఇటుక పెట్టి పోయేవాళ్ళు, ఇటుకకు ఉన్న విలువ కూడా మనిషికి లేదని మా పక్కింటి ముసలమ్మ రోజూ తిట్టేది. నీళ్ళు వచ్చే ముందు పైపులోంచి బుస్సుమని గాలి వస్తుంది, ఆ చప్పుడు వినడానికి ఇంటికొకరు మెలకువగా ఉండాల్సిందే. లైన్‌మన్ వచ్చి రోడ్డు మధ్యలో రేకు మూత తీసి, పొడుగాటి ఇనప చువ్వతో వాల్వు తిప్పేవాడు, ఎంతసేపు తిప్పి ఉంచుతాడన్నది అతని దయ. పై గల్లీవాళ్ళతో మాటామాటా పెరిగి తలకాయలు పగిలిన రోజులున్నాయి. కృష్ణా నీళ్ళు నగరానికి వచ్చింది 2004లో, అంతకు ముందు ఎండాకాలం మొత్తం మాకు ఇదే బతుకు.

ఈ నీళ్ళ కోసమే జనార్దన్ రెడ్డి గారు రోడ్డెక్కేవారు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వెంట నడిచేవాళ్ళు. గుడిసెలు కూలగొట్టడానికి బుల్డోజర్ వస్తోందని తెలిస్తే బస్తీలో మొదట అనే మాట "అన్నకు ఫోన్ కొట్టండి". పట్టా, రేషన్ కార్డు, ఆస్పత్రిలో మంచం, పోలీసులు ఎత్తుకుపోయిన తోపుడు బండి, ఏదైనా సరే పొద్దున్నే కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి పోవడమే. ఆయన కార్మిక సంఘాల నుంచి వచ్చిన మనిషి, మంత్రిగా కార్మిక శాఖ చూసినవాడు, గేటు ముందు నిలబడి మాట్లాడటం అలవాటున్నవాడు. అధికారికి ఫోన్ చేస్తే పని కావాలి, కాకపోతే ఆయనే ఆఫీసుకు వచ్చి కూర్చుంటాడని బస్తీలో గొప్పగా చెప్పుకునేవారు. అందులో కొంత నిజం, కొంత మావాళ్ళు కలుపుకున్న మసాలా. అయినా పని జరిగిన ఇళ్ళు మా గల్లీలోనే ఉన్నాయి కాబట్టి నేను మసాలా అని కొట్టిపారెయ్యను.

మరి అలాంటి మనిషి 1999లో ఎందుకు ఓడిపోయాడు? మీ బాక్సులో లేనిది ఇదే. నా ఉద్దేశంలో ఆయన ఐదు గెలుపులకన్నా ఈ ఒక్క ఓటమి హైదరాబాద్ గురించి ఎక్కువ చెప్తుంది.

తెలుగుదేశం ఆ ఏడాది కె. విజయరామారావు గారిని నిలబెట్టింది. 1993 నుంచి 1996 దాకా సీబీఐ డైరెక్టర్, హవాలా కేసు రోజుల్లో ఆయన పేరు వినని ఇల్లు లేదు. ఆ ముందు ఏడాది నవంబర్‌లోనే ప్రధాని వాజ్‌పేయి గారు మాదాపూర్ వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించి వెళ్ళారు. ఆ మాదాపూర్ కూడా జనార్దన్ రెడ్డి గారి నియోజకవర్గమే అన్న సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. పైగా కార్గిల్ అయిన వెంటనే వచ్చిన ఎన్నికలు, లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకేసారి ఓటు, తెలుగుదేశానికి బీజేపీ పొత్తు. రాష్ట్రంలో తెలుగుదేశానికి 180 వచ్చాయి, కాంగ్రెస్ 91 దగ్గర ఆగింది. విజయరామారావు గారు గెలిచి రోడ్లు భవనాల మంత్రి కూడా అయ్యారు.

ఓడిన మర్నాటి నుంచి బస్తీలో రకరకాల కారణాలు వినిపించాయి. దొంగ ఓట్లన్నారు, సొంత పార్టీవాళ్ళే వెన్నుపోటు పొడిచారన్నారు, డబ్బన్నారు. ఓడిపోయిన ప్రతి నాయకుడి గురించీ అనేవే కాబట్టి వాటి జోలికి నేను పోను. మా ఇంట్లో జరిగిన మాటలు రాస్తాను, అవి నా చెవులతో విన్నవి.

శ్రీనగర్ కాలనీలో ఉండే మా బావమరిది ఆ రోజుల్లో ఆదివారం పూట మా ఇంటికి వచ్చేవాడు. మటన్ తిన్నాక మొదలయ్యేది గొడవ. వాడు విజయరామారావు గారివైపు. "నాకు ఎమ్మెల్యేతో ఏం పనుంది బావా? నీళ్ళకు బోరుంది, పిల్లలకు ప్రైవేట్ స్కూలుంది, జబ్బు చేస్తే కార్పొరేట్ ఆస్పత్రి ఉంది. నాకు కావాల్సింది రోడ్డు, ఉద్యోగాలు, నలుగురిలో చెప్పుకోవడానికి ఒక చదువుకున్న మనిషి" అనేవాడు. మా ఆవిడ సొంత తమ్ముడని కూడా చూడకుండా లేచేది. "నల్లా పోతే ఆ సీబీఐ ఆయన వస్తాడారా? బిందె పట్టుకుని నిలబడ్డ రోజు తెలుస్తుంది నీకు" అని. వాడికి బిందె పట్టుకుని నిలబడే రోజు రాలేదు, రాదు కూడా. అదే అసలు సంగతి.

జనార్దన్ రెడ్డి గారి రాజకీయం మొత్తం ఎమ్మెల్యేతో పని ఉన్న ఓటరు మీద నిలబడింది. 1978లో ఖైరతాబాద్‌లో అలాంటివాళ్ళే ఎక్కువ. ఇరవై ఏళ్ళలో నియోజకవర్గం కొండలెక్కింది, అపార్ట్‌మెంట్లు లేచాయి, ఎమ్మెల్యేతో ఏ పనీ లేని ఓటరు లక్షల్లో తయారయ్యాడు. వాడికి చెప్పడానికి ఈయన దగ్గర మాట లేదు. ధర్నా చేస్తే ట్రాఫిక్ జామ్ అయిందని విసుక్కునే ఓటరు వాడు. అటువైపు చంద్రబాబు గారి దగ్గర వాడి కోసం తయారు చేసిన మాటలు బోలెడున్నాయి. మీరు ఏ పార్టీవారైనా కానివ్వండి, ఈ ఒక్క విషయంలో చంద్రబాబు గారు ముందుగా పసిగట్టారని ఒప్పుకోవాలి. అయితే 1999లో ఆ కొత్త ఓటరు పోలింగ్ బూత్‌కు వచ్చాడు. తర్వాత్తర్వాత రావడం మానేశాడు, అది వేరే కథ, చివర్లో వస్తాను.

2004లో జనార్దన్ రెడ్డి గారు మళ్ళీ గెలిచారు. కరువు, కరెంటు బాధలు, తొమ్మిదేళ్ళ ప్రభుత్వం మీద మొహం మొత్తడం, ఇవన్నీ కలిసొచ్చాయి, కాంగ్రెస్‌కు 185 వచ్చాయి, తెలుగుదేశం 47కు పడిపోయింది. ఆయన గెలుపు మీద ఎవరికీ అనుమానం లేదు. ఆ తర్వాత మంత్రివర్గం లిస్టులో ఆయన పేరు లేదు. 1994 నుంచి 1999 దాకా సీఎల్పీ నేత ఈయన, 1999 నుంచి 2004 దాకా వైఎస్ రాజశేఖర రెడ్డి గారు. రెండో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు, మొదటి ఆయన మంత్రి కూడా కాలేదు. ఇద్దరికీ పడదన్నది నగరంలో ఆటో డ్రైవర్‌కు కూడా తెలుసు. మంత్రి పదవి ఇవ్వకపోవడం ముఖ్యమంత్రి హక్కే అనుకుందాం, కాని హైదరాబాద్ నడిబొడ్డున అన్నేళ్ళు పార్టీని మోసినవాడికి అంత మాత్రం కూడా దక్కలేదని మా బస్తీలో కాంగ్రెస్‌కు ఓటు వెయ్యనివాళ్ళు కూడా బాధపడ్డారు.

అక్కడి నుంచి మూడున్నరేళ్ళు ఆయన సొంత ప్రభుత్వానికే ప్రతిపక్షం అయ్యారు. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమ వైపు కృష్ణా నీళ్ళు వదిలే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 11,500 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచుతూ 2005లో జీవో వచ్చినప్పుడు కాంగ్రెస్‌లో ఉండి గట్టిగా వద్దన్న గొంతు ఆయనదే. నగరంలో బిందె నీళ్ళ కోసం కొట్లాడిన మనిషి ఒక్కసారి కృష్ణా నది నీళ్ళ పంపకం మీద మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ మాట అప్పుడు నెగ్గలేదు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక అదే వాదన అన్ని వేదికల మీదా వినిపించింది, చాలామంది ఆయన పేరు చెప్పకుండానే వాడుకున్నారు. పార్టీ వదిలి బయటికి వచ్చి ఉంటే ఎలా ఉండేదో అని మా దగ్గర ఇప్పటికీ వాదించుకుంటారు. నేనైతే వచ్చి ఉండాల్సింది అంటాను. లోపలే ఉండి రోజూ అరిస్తే పేపర్లకు వార్త దొరికింది, ఆయనకు దొరికింది ఏమీ లేదు.

పొగడ్తలే రాస్తే నేనూ మీ బాక్సులాగే అవుతాను కాబట్టి ఇంకో ముక్క. ఆయన ఫోన్ మీద నడిచిన బస్తీకి ఆయన పోయాక ఫోన్ చేసే దిక్కు లేకుండా పోయింది. పని ఆఫీసులో జరగాలి, అర్జీ పెడితే జరగాలి, ఫలానా అన్న చెప్తేనే జరగడం అనేది అన్న ఉన్నన్నాళ్ళే. ఆ అలవాటు మాకు చేసింది ఆయనే. గుట్టల మీద గుడిసెలకు అడ్డం నిలబడి కాపాడారు సరే, ఆ గుట్టల మీదికి డ్రైనేజీ సరిగ్గా రావడానికి ఇంకెన్నేళ్ళు పట్టిందో అక్కడివాళ్ళను అడగండి. ఇప్పటికీ వాన పడితే పై ఇంటి నీళ్ళు కింది ఇంట్లోకే.

ఇంకో రెండు వారాలు బతికుంటే ఆయనకు అరవై నిండేవి. 2008 ఉప ఎన్నికలో కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు. ఆ మరుసటి ఏడాది నియోజకవర్గాల పునర్విభజన అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ జిల్లాలో 13 సీట్లు 15 అయ్యాయి, పాత ఖైరతాబాద్ ముక్కలై పోయింది. ఇటు ఖైరతాబాద్, మధ్యలో జూబ్లీహిల్స్, అటు శేరిలింగంపల్లి. విష్ణు 2009లో జూబ్లీహిల్స్ నుంచి గెలిచారు, 2014లో మూడో స్థానానికి పోయారు, 2018లో మాగంటి గోపీనాథ్ గారి చేతిలో మళ్ళీ ఓడారు. కూతురు విజయారెడ్డి 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ఖైరతాబాద్‌లో పోటీ చేసి ఓడారు, తర్వాత టీఆర్ఎస్ కార్పొరేటర్‌గా రెండుసార్లు గెలిచారు, 2022లో కాంగ్రెస్‌కు వచ్చి 2023లో ఖైరతాబాద్ టికెట్ తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచారు. అదే 2023లో కాంగ్రెస్ టికెట్ రాలేదని విష్ణు బీఆర్ఎస్‌లోకి వెళ్ళారు. అంటే కొన్నేళ్ళు అన్నదమ్ముల్లో... అన్నాచెల్లెళ్ళో అక్కాతమ్ముళ్ళో మీరు సరిచూసి వేసుకోండి, ఆ ఇద్దరిలో ఒకరు కాంగ్రెస్, ఒకరు గులాబీ, తర్వాత ఇద్దరూ కండువాలు మార్చుకున్నారు. వాళ్ళను తప్పు పట్టడం లేదు, ఈ రోజుల్లో అది తప్పుల కిందికి రాదు.

రాదని ఎందుకంటున్నానంటే ఖైరతాబాద్‌లో ఆమె మీద గెలిచిన దానం నాగేందర్ గారినే చూడండి. ఆసిఫ్‌నగర్ నుంచి 1994, 1999లో కాంగ్రెస్, 2004లో టికెట్ రాక తెలుగుదేశం నుంచి గెలిచి, వెంటనే రాజీనామా చేసి కాంగ్రెస్‌కు తిరిగొచ్చి ఉప ఎన్నికలో ఓటమి, 2009లో ఖైరతాబాద్ నుంచి కాంగ్రెస్, మంత్రి పదవి, 2014లో బీజేపీ చింతల రామచంద్రారెడ్డి గారి చేతిలో ఓటమి, 2018లో, 2023లో గులాబీ పార్టీ నుంచి గెలుపు, 2024 మార్చిలో మళ్ళీ కాంగ్రెస్, రెండు నెలలకే సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేసి కిషన్ రెడ్డి గారి చేతిలో ఓటమి. ఇది చదవడానికే ఊపిరి చాలదు. దీన్ని కూడా రేపు మీరు "ఆరుసార్లు ఎమ్మెల్యే" అని ఒక ముక్కలో తేల్చేస్తారు. ఎవరు ఏ గుర్తు మీద గెలిచి ఏ గుర్తు పక్కన కూర్చున్నారో ఆ ముక్కలో ఎక్కడుంది?

2025 నవంబర్ ఉప ఎన్నికలో జూబ్లీహిల్స్‌లో గెలిచిన నవీన్ యాదవ్ గారి లెక్క కూడా చూడండి. 2014లో మజ్లిస్ అభ్యర్థిగా రెండో స్థానం, 2018లో ఇండిపెండెంట్, 2025లో కాంగ్రెస్. మూడు పోటీలు, మూడు గుర్తులు, ఒకటే నియోజకవర్గం. దీన్ని నేను ఆయనకు అనుకూలంగానే చదువుతాను, బోరబండ, రహమత్‌నగర్ గల్లీల్లో మనిషిని చూసి ఓటేసేవాళ్ళు ఇంకా ఉన్నారనడానికి అది సాక్ష్యం. పీజేఆర్ ఓటరు పూర్తిగా పోలేదన్నమాట. అక్కడి ఎమ్మెల్యే గోపీనాథ్ గారు పోయాక వచ్చిన ఆ ఎన్నికలో అన్ని పార్టీల ప్రచారంలోనూ పీజేఆర్ పేరు వినిపించింది, ఎవరికి వారే ఆయన వారసులమన్నారు, మైకుల్లో ఆయన పేరు విని విని మా ఆవిడ "బతికుండగా ఇంతమంది వెంట ఉంటే మంత్రి పదవి వచ్చేది కదా" అంది.

ఇందాక చివర్లో వస్తానన్నది ఇదే. ఆ ఎన్నికలో ఓటు వేసినవాళ్ళు సగం మంది కూడా లేరు. 48 శాతం చిల్లర. ఎమ్మెల్యేతో పని లేని ఓటరు ఇప్పుడు బూత్‌కే రావడం లేదు, సెలవిచ్చినా రాడు. వచ్చేది మళ్ళీ మా గల్లీలవాళ్ళే. అంటే 1999లో జనార్దన్ రెడ్డి గారిని ఓడించిన ఓటరు ఇంట్లో కూర్చున్నాడు, ఆయన్ను గెలిపించిన ఓటరు మాత్రం లైన్లో నిలబడ్డాడు. అందుకే ఇప్పుడు ఆయన పేరుకు మళ్ళీ ఇంత గిరాకీ. వారసులమని చెప్పుకునేవాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు, తెలియనిది పాఠకులకే, ఎందుకంటే మీరు రాయడం లేదు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక నాయకుడి మీద బాక్సు వేసేటప్పుడు ఎన్నిసార్లు గెలిచాడన్న అంకెతో పాటు ఏ ఏడాది, ఏ పార్టీ, ఎవరి మీద, ఓడితే ఎవరి చేతిలో అన్న నాలుగు గళ్ళ పట్టిక వెయ్యండి. ఆ రోజుల్లో ఆ నియోజకవర్గంలో ఏమేం ఉండేవో ఒక వాక్యం రాయండి. 2004 ఖైరతాబాద్‌నూ 2023 ఖైరతాబాద్‌నూ ఒకటే అన్నట్టు పోల్చి మెజారిటీలు ఎక్కువ తక్కువలు రాయడం మానండి, అవి రెండూ వేరు వేరు ఊళ్ళు. రేపు మళ్ళీ పునర్విభజన వస్తుంది, రాష్ట్ర విభజన చట్టంలోనే తెలంగాణ సీట్లు 119 నుంచి 153 చెయ్యాలని రాసి ఉంది, అది ఎప్పుడు అమలైనా హైదరాబాద్ చుట్టూ గీతలన్నీ మారిపోతాయి. అప్పుడు శేరిలింగంపల్లి కూడా పాత పేరైపోవచ్చు, ఎవడు ఎక్కడి నుంచి గెలిచాడో చెప్పేవాడు ఉండడు.

1999 నాటి మీ పాత సంచికలు మీ లైబ్రరీలోనే ఉంటాయి. ఏ ప్రాంతంలో ఎవరికి మొగ్గు వచ్చింది, కొండ మీద ఎలా పడ్డాయి, బస్తీలో ఎలా పడ్డాయి, అప్పటి మీ రిపోర్టర్లు రాసే ఉంటారు. అవి తీయించి ఒక ఆదివారం నాడు సిటీ పేజీలో వెయ్యండి. దానికి జాగా చాలకపోతే నా ఉత్తరం పక్కన పెట్టేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
పాత ఖైరతాబాద్ ఓటరు ఒకడు,
రహమత్‌నగర్, హైదరాబాద్